సగం ఉప్పుతో వేళ్లూనిన గులాబీలు

అనంతగిరి పక్క తండాలో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్ల గౌరీబాయి. 1994లో కోదాడ శివారున ఒక ఆసామి గాజు సీసాల్లో గులాబీ మొక్కలు పెంచే ల్యాబు పెడితే సీసాలు కడిగే పనికి చేరింది. ఏడాది తిరిగేసరికి చక్కెర, లవణాలు, జిగురు కలిపి మొక్కలకు ఆహారమయ్యే మీడియా వండే పని ఆమె చేతికొచ్చింది.

గులాబీ కణుపు ముక్కను ఆ మీడియా మీద గుచ్చితే సీసాలోనే గుబురుగా పిలకలు వేసేది. వేరు మాత్రం వేసేది కాదు. వేరు లేని పిలక మట్టిలో బతకదు. మొక్కలు అడిగినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు.

ఒకనాడు లవణాల ద్రావణం సగంలోనే అయిపోయింది. చెబితే తిట్లు తప్పవని, ఉన్న సగంతోనే ఒక బుట్టెడు సీసాలు నింపి గౌరీబాయి ఊరుకుంది. మూడు వారాలకు ఆ సీసాల్లో దారాల్లా తెల్లటి వేళ్లు దిగాయి. ల్యాబు చూసే రాజారత్నం పొంగిపోయాడు. వేరు పుట్టించే మందును, అంటే హార్మోనును, తాను ఆ వారమే మార్చడం వల్లే అనుకున్నాడు.

గౌరీబాయికి అన్నం సహించలేదు. మర్నాడు వెళ్లి అతని ముందు నిలబడింది.

"సార్, అది మందు మార్చినందుకు కాదు. ఉప్పులు సగమే పోసిన."

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?"

"పనిల నుంచి తీస్తరని."

రాజారత్నం వేళ్లు దిగిన సీసా ఒకటి వెలుగుకు ఎత్తి చూశాడు. "మళ్లా సగమే పోద్దాం. కూసున్నకాడికే తిండి వస్తుంటే అది వేరెందుకు వేస్తది, గౌరీ" అన్నాడు.

రెండోసారీ వేళ్లు వచ్చాయి. నాలుగు వేల మొక్కలు మట్టి సంచుల్లోకి మారాయి. కొనేవాళ్లు లేక అప్పటికే ఆసామి విసిగిపోయాడు. మే నెలలో ల్యాబుకు తాళం వేసి, కరెంటు తీయించాడు. నీళ్ల మోటారు ఆగిపోయింది. సీసా తడిలో పెరిగిన మొక్కలు వడగాలికి ఆగుతాయా? గౌరీబాయి, ఆమె తల్లి ద్వాళి కలిసి బావి నుంచి బిందెలతో నీళ్లు మోసి పదకొండు రోజులు తడిపారు.

"కూలెవరిస్తరే? ఇడిసిపెట్టు," అంటూనే ద్వాళి బిందె ఎత్తుకునేది.

పన్నెండో రోజుకు ఆకు పట్టుకుంటే పొడి అయింది.

గౌరీబాయి నిడమనూరు పొలాల్లో నాట్లకు పోవడం మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత సూర్యాపేట బస్టాండులో రాజారత్నం కనిపించాడు. కాలేజీలో పాఠాలు చెబుతున్నాడట.

"సగం ఉప్పుల సంగతి పిల్లలకు చెప్తున్న. నీ పేరు కూడా చెప్తున్న."

"చెప్పి ఏం లాభం సార్? ఒక్కటన్న బతకలే," అని ఆమె మిర్యాలగూడ బస్సెక్కింది.