డాక్టర్ సాబ్ విమానం, నేను గెలిచిన అరగంట

నిజామాబాద్ గిన్నెల బజారులో నేను బేరం ఓడిన రోజు లేదని చెప్పుకునేదాన్ని. నా పెళ్లికి బ్యాండు వాళ్లు రెండు గంటలు వాయిస్తామంటే మూడు గంటలకు ఒప్పించింది నేనే, పీటల మీద కూర్చునే. కానీ నా జీవితంలో అన్నిటికంటే గొప్ప బేరం ఒక మనిషి ప్రాణం మీద చేశాను. అందులోనూ గెలిచాను. అరగంట లాభం.

తొంభైల మొదట్లో మాట. మా వీధి చివర దవాఖాన నడిపే డాక్టరు హైదరాబాద్‌లో విమానం నడపడం నేర్చుకొని వచ్చాడు. గొట్టాలకు గుడ్డ బిగించి, వెనుక ఇంజన్ కట్టిన ఒంటి మనిషి విమానం. ఆదివారం పొద్దున జక్రాన్‌పల్లి దగ్గర బీడు భూమిలో లేచి, రెంజల్, రుద్రూర్ మీదుగా చుట్టి మళ్లీ అక్కడే దిగేవాడు. అక్కడ ఆయన్ని ఆకాశంలో చూసుకునే ఆఫీసు ఏదీ లేదు. ఎగిరేముందు నేల మీద ఒకరికి దారి, దిగే టైము చెప్పాలని, ఆ టైము దాటి అరగంటైనా ఫోను రాకపోతే వాళ్లు వెతికించాలని నేర్పారట. మా గిన్నెల దుకాణంలో ఫోనుంది. ఆ ఒకరు నేనయ్యాను.

నా దగ్గర మూడు నంబర్లుండేవి. జక్రాన్‌పల్లిలో కిరాణా కొట్టు, రెంజల్‌లో చాయ్ హోటల్, రుద్రూర్‌లో ఎరువుల దుకాణం. ఇంజన్ చప్పుడు ఎక్కడిదాకా వినబడిందో అడిగితే, మనిషి ఎక్కడ తప్పిపోయాడో తెలుస్తుంది.

రెండుసార్లు ఆయన దిగి, చుట్టూ చేరిన జనంతో ముచ్చట్లలో పడి ఫోను మరిచాడు. రెండుసార్లూ నేను ఊళ్లన్నీ లేపాను. రెండోసారి రెంజల్ హోటల్ ఆయన నవ్వాడు.

"ఏందక్కా, మీ విమానం మల్ల తప్పిపోయిందా? మా బర్రె గూడ తప్పిపోయింది, జర గది గూడ ఎతికియ్యరాదు!"

నాకు తల కొట్టేసినట్టయింది. మరుసటి రోజే డాక్టర్‌ని పట్టుకున్నాను.

"డాక్టర్ సాబ్, అరగంట నడవది. గంటన్నర చెయ్యి."

"నా పానానికి గూడ బేరమేనా చెల్లె?"

"బేరం లేని సరుకు మా దుకాణంల లేదన్నా."

"అరగంట. గంతే."

"నువ్వు ఫోను మరిస్తే నగుబాటయ్యేది నేను."

తప్పు తనదే కనుక ఆయన తగ్గాడు. అలవాటు ప్రకారం మధ్యలో కుదిరింది. గంట. చాయ్ కూడా ఆయనే తాగించాడు.

ఆ తర్వాత మూడో ఆదివారం తొమ్మిదికి దిగుతానన్నాడు. తొమ్మిదైంది. తొమ్మిదీ పావు. దుకాణంలో ఒకావిడ బిందె అడిగితే గంగాళం తీసిచ్చాను. తొమ్మిదిన్నరకు ఫోను ఎత్తాను, పెట్టాను. మళ్లీ ఎత్తాను. గల్లా దగ్గర కూర్చున్న మా నాన్న చూస్తున్నాడు.

"ఎంతకు కుదిరింది బేరం?"

"పదింటికి బాపు."

"మరి గిప్పుడెందుకు? మాటంటె మాటే."

మా బజారులో కుదిరిన బేరాన్ని ఎవరూ కదపరు, నష్టమొచ్చినా సరే. అలా కదిపినవాడి దగ్గర మళ్లీ ఎవరూ కొనరు. నేను గడియారం కింద నిలబడి, తుడిచిన పళ్లెమే మళ్లీ మళ్లీ తుడుస్తూ ఆ మాట నిలబెట్టుకున్నాను.

పది కొట్టగానే మూడు ఊళ్లకూ ఫోను చేశాను. జక్రాన్‌పల్లిలో దిగలేదు. రెంజల్ ఆయన ఈసారి నవ్వలేదు.

"ఎనిమిదింటికి మా మీదికెల్లే పోయిండక్కా, రుద్రూర్ దిక్కు."

రుద్రూర్‌లో ఎవరూ చప్పుడు వినలేదు. అంటే ఆ రెండు ఊళ్ల మధ్యే. ఎరువుల దుకాణం ఆయన చెరకు నరికేవాళ్లను పోగుచేసి బయలుదేరాడు. మనిషికి రెండింతలు పెరిగిన తోటలు. బయటి నుంచి చూస్తే రెక్క ముక్క కూడా కనబడదు. వరుస వరుస నరుకుతూ, పిలుస్తూ వెళ్లారు. దొరికేసరికి పన్నెండు దాటింది. ప్రాణముంది. ఎడమ పాదం గొట్టాల కింద నలిగింది.

హైదరాబాద్ ఆసుపత్రిలో దుప్పటి కింద ఒకవైపు చదునుగా ఉంది. నేను అటు చూడకుండా పళ్లు కోస్తూ కూర్చున్నాను.

"తొమ్మిదిన్నర కాంగనే, ఇగ నా చెల్లె ఫోనెత్తింది అనుకున్న," అన్నాడు. "జర నిమ్మలమైంది. తర్వాత యాదికొచ్చింది, మన బేరం పది గదా అని. గప్పుడు మస్తు భయమైంది."

"అన్నా, డాక్టర్‌వి నువ్వే. నిజం చెప్పు. గా అరగంట ముందు దొరికితే పాదం ఉండేదా?"

నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు.

"కాలి ఏళ్లు ఎట్లైనా పోయేటివి. పాదం దక్కేదో లేదో, ఏమో. సగం సగం."

ఫోను రెండుసార్లు మరిచింది ఆయన. దాన్ని సాకుగా పెట్టుకొని గడువు పెంచింది నేను. కదపొద్దన్నది బాపు, కానీ ఫోను ఉన్నది నా చేతిలో. ఎవరి లెక్కలో ఎంత వేసినా, తొమ్మిదిన్నర నుంచి పది దాకా నాదే. ఆ అరగంటకు ధర, ఆయన చెప్పిన ప్రకారం, సగం పాదం. తగ్గించమని నేను అడగలేదు.