ప్లగ్ పీకిన తర్వాత

మా వదినకు నేను పెట్టిన పేరు 'పేజీ నంబరు'. ఇరవై ఏళ్లుగా ఆమె శిక్షణ కేంద్రంలో కరెంటు పాఠాలు చెబుతోంది. ఏ ప్రశ్న అడిగినా ముందు పేజీ నంబరు, ఆ తర్వాతే జవాబు. ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం నన్నే పిలుస్తుంది. నేను పదో తరగతి గట్టెక్కలేదు. ఫ్యాన్లూ మిక్సీలూ విప్పి విప్పి పని నేర్చుకున్నాను. వైరులో కరెంటుందో లేదో వేళ్ల వెనకవైపు తాకించి చూసే రకం. అలా తాకించినప్పుడల్లా వదిన కళ్లు మూసుకునేది, నేను పగలబడి నవ్వేవాణ్ణి.

ఆ ఆదివారం వాళ్ల మైక్రోవేవ్ ఓవెన్ పనిచేయడం మానేసింది. అంతకుముందు నేను ఒక్క ఓవెనూ విప్పలేదు. అయితే ఏం? ప్లగ్ పీకి, వంటగది బల్ల మీద పెట్టి, రేకు ఊడదీసి, చెయ్యి లోపలికి పోనిచ్చాను.

"చెయ్యి తియ్యి!"

అది వదిన గొంతంటే నమ్మలేకపోయాను. గుమ్మంలో నిలబడి ఉంది.

"ప్లగ్ పీకేశాను కదా వదినా. ఇంకెక్కడి కరెంటు? ఇప్పుడిది ఉత్త డబ్బా."

"లోపల కెపాసిటరుంది. ప్లగ్ పీకినా అందులో కరెంటు నిలవుంటుంది. మనిషిని చంపేంత."

ఈసారి పేజీ నంబరు చెప్పలేదు. అందుకే నాకు భయమేసి చెయ్యి బయటికి లాక్కున్నాను.

"మరిప్పుడేం చెయ్యాలి?"

"దాని రెండు కొనల్నీ స్క్రూడ్రైవరుతో కలపాలి. ప్లాస్టిక్ పిడి ఉన్నది కావాలి."

"మీరెప్పుడైనా చేశారా?"

"లేదు."

స్క్రూడ్రైవరు నేను అందుకోబోతే లాక్కుంది. "అందులో కెపాసిటర్ ఏదో నీకు తెలుసా?"

తెలియదు. ఆమె కూడా దాన్ని బొమ్మల్లోనే చూసింది. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందంటూ ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకుని, కుడి చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని లోపలికి వంగింది. అన్నయ్యకు ఏమని చెప్పుకోవాలి?

ఫట్‌మని పేలింది. నీలం మెరుపు. స్క్రూడ్రైవరు కొన నల్లగా మాడింది. వదిన నేల మీద కూలబడింది. ఇందాక నా వేళ్లు అక్కడికి బెత్తెడు దూరంలో ఆగాయి.

"బతికించారు వదినా. మీ పుస్తకానికో దణ్ణం."

ఆమె మాడిన కొన వైపే చూస్తోంది. "పుస్తకంలో అది ఒక్క లైను. పరీక్షలో రాదని ఏటా గబగబా చదివి దాటేస్తాను. ఇంత చప్పుడొస్తుందని నాకే తెలీదు. మరి నా దగ్గర చదువుకున్నవాళ్లకి?"

అక్కడే కూర్చుని, రిపేరు షాపుల్లో చేరిన తన పాత విద్యార్థులకు వరసగా ఫోన్లు చేయసాగింది. ఇద్దరు పలికారు. మూడో నంబరు మోగుతూనే ఉంది.