హాల్లో చల్లటి గోడ

కోరుట్లలో మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు, చూడ్డానికి వచ్చిన బ్రోకర్ హాల్లో అడుగు పెట్టగానే ఆగిపోయాడు.

"గిదేంది సార్, పెండ్లి ఆల్బం అట్ట లెక్కున్నది గోడ!" అన్నాడు.

గోడ నిండా దువ్వెనతో గీసినట్టు అలలు, వాటి మీద బంగారు రంగు. పదహారేళ్ల కింద మేం ఇల్లు కట్టుకున్నప్పుడు అది గొప్ప. టెక్స్చర్ అనేవాళ్లం. చుట్టాలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు.

"ఇప్పుడు గిట్లాంటియి ఎవ్వలు జూస్తలేరు. గీకిచ్చి, లప్పం పెట్టిచ్చి, తెల్లరంగు ఏయిచ్చుండ్రి. ఇల్లు పదేండ్లు చిన్నదైతది."

"ఉండనీ, నచ్చినోళ్లే కొంటరు" అన్నాను. పాత గోడ మీద మమకారం అనుకున్నాడు. నేను అనుకోనిచ్చాను. ఆ అలల కింద ఏముందో తెలిసిన మనిషిని నేను.

ఇల్లు దాదాపు పూర్తయ్యాక, వాస్తు చూసే పెద్దమనిషి ఒకాయన వచ్చి స్నానాల గది ఈశాన్యంలో ఉండరాదన్నాడు. వాయవ్యానికి జరిపించాం. అలా అది హాలు గోడకు వెనకవైపు వచ్చింది. నీళ్ల పైపును ఆ గోడలోనే తొలిచి పెట్టారు. ముందు మూఢం ఉంది, అది వచ్చేలోపు గృహప్రవేశం అయిపోవాలి. పైపు అతుకు సరిగ్గా పడిందో లేదో చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది, నాకైతే అసలే లేదు. పది రోజుల్లో ముహూర్తం ఉందనగా, రంగుకు ముందు గోడకు పూసిన లప్పం పొక్కులు పొక్కులుగా లేచింది.

రంగులు వేయడానికి జగిత్యాల నుంచి ఒక భాయ్ వచ్చేవాడు. నాకంటే చిన్నవాడు, పనిలో పెద్దవాడు. గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు.

"లోపట నీళ్లు కారుతున్నయ్ సార్. పలగ్గొట్టి పైపు సూడాలె."

"ఇప్పుడా? చుట్టాలకు కార్డులు పంచినం భాయ్. పైన ఏదన్న ఏసి కప్పెయ్యి."

"జ్వరమొచ్చిన దుల్హన్‌కు మేకప్ ఏస్తె జ్వరం పోతదా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అతను మందంగా టెక్స్చర్ వేశాడు. మూఢం పోయాక పలగ్గొడదామని నాకు నేను చెప్పుకున్నాను. మూఢాలు ఎన్నో వచ్చాయి, ఎన్నో పోయాయి.

ఇంట్లో దిగిన మొదటి ఎండాకాలం మా ఆవిడ ఆ గోడకు వీపు ఆనించి, "ఎంత సల్లగున్నది! నా మంచం గీడనే ఏస్త" అంది. వేసుకుంది. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి.

రెండేళ్లకు ఆమెకు దగ్గు మొదలైంది. వానాకాలంలో ఆయాసం కూడా. డాక్టర్ల దగ్గరికి నేనే తీసుకెళ్లేవాణ్ని. "ఇంట్ల దుమ్ము, నెమ్ము ఏమన్న ఉందా?" అని అడిగితే ఆమె నోరు తెరవక ముందే నేను చెప్పేవాణ్ని: "వీళ్లది సిరిసిల్ల సార్. సాంచాల కాడ పుట్టి పెరిగింది. చిన్నప్పటి నుంచి దూది మింగింది." సాంచాలంటే బట్ట నేసే మరమగ్గాలు. మా మామగారింట్లో అవి పగలంతా నడిచేవి. డాక్టర్లు తలూపి మందులు రాసేవారు. ఆమె కూడా నమ్మింది.

నాకు తెలియదని రాస్తే అబద్ధమవుతుంది. మంచం వెనక గోడ నుంచి తెల్లటి పొడి రాలేది. ముక్కిన వాసన వచ్చేది. ఆమె లేవక ముందే ఆ పొడిని నేనే చీపురుతో ఎత్తేసేవాణ్ని. ఇంట్లో నేను చీపురు పట్టింది ఆ ఒక్క పనికే.

అంతకంటే చెడ్డది ఇంకొకటి చేశాను. నా అబద్ధం నిలబడాలంటే సిరిసిల్ల చెడ్డదిగా ఉండాలి. అందుకని ఆమెను పుట్టింట్లో ఉండనిచ్చేవాణ్ని కాదు. పొద్దున పోయి సాయంత్రం రావాలి. వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు కూడా రెండో రోజే వెళ్లి తీసుకొచ్చాను. వేములవాడలో బస్సు మారుతుంటే దగ్గింది. "జూసినవా, రెండు రోజులకే ఎట్లయిందో" అన్నాను. ఆ నెలలోనే వాళ్లమ్మ పోయింది.

నేను రిటైరయ్యాక మా బిడ్డ పిల్లల్ని చూసుకోవడానికి జగిత్యాలలో కిరాయికి దిగాం. బిడ్డ అక్కడి బడిలో టీచరు. నాలుగు నెలలు గడిచేసరికి మా ఆవిడ దగ్గు తగ్గింది. వానాకాలం వచ్చింది, ఆయాసం రాలేదు. "కోరుట్ల నీళ్లు నాకు పడలేదేమో" అంది ఒకరోజు. నేను పేపర్ తిరగేస్తూ కూర్చున్నాను.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఆ గోడ దగ్గరే మొహం చిట్లించారు. చివరికి బ్రోకర్ మాటకు సరేనని పాత భాయ్‌నే పిలిపించాను. గడ్డం నెరిసింది. గోడకు అదే అరచెయ్యి ఆనించాడు.

"ఇంక ఏడుస్తనే ఉన్నది సార్."

"గీకి, నీళ్లు పట్టని లప్పం ఏదో వస్తుందట గదా, అది పెడితే ఎన్ని రోజులు ఆగుతది?"

"ఒక్క వానకాలం. ఎక్వ ఆగదు."

ఒక్క వానాకాలం చాలు, ఆలోపు ఇల్లు అమ్ముడుపోతుంది అనుకున్నాను. అప్పటికే జగిత్యాలలో నా కళ్లముందు ఆమె దగ్గు తగ్గిపోయింది. అయినా అలాగే అనుకున్నాను.

మర్నాడు పని మొదలుపెట్టాలి. ఆ సాయంత్రం బ్రోకర్ ఒక జంటను తీసుకొచ్చాడు. ఎల్లంతకుంట దిక్కువాళ్లు. గోడ మీది డిజైన్ చూసి భర్త నవ్వుతుంటే, భార్య దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టింది.

"అయ్యో, ఎంత సల్లగున్నది! అత్తమ్మ మంచం గీడనే ఏద్దాం. ఆమెకు ఉక్కపోత పడదు."

అవే మాటలు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "వద్దమ్మా, ఆ గోడ లోపల నీళ్లున్నయ్. పైపు పోయింది. చల్లదనం దానిదే."

బ్రోకర్ నన్ను పక్కకు లాగాడు. "ఏంది సార్, ఇల్లు అమ్ముతున్నరా, ఆడుకుంటున్నరా?"

భర్త, "చెప్పి మంచి పని చేసిండ్రు" అంటూ చెప్పులు తొడుక్కుంటున్నాడు. భార్య మాత్రం గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. "మరి మీరు ఇన్నేండ్లు ఎట్లున్నరు సార్ ఇండ్ల?"

ఆ ప్రశ్నతోనే జగిత్యాల బస్సెక్కాను.

మా ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమె ముందు కూర్చుని మొత్తం చెప్పాను, పొక్కులు లేచిన నాటి నుంచి చీపురు దాకా. ఆమె చేతులు ఆగలేదు.

"నేను దగ్గినప్పుడల్లా సిరిసిల్ల అన్నవ్."

"అన్న."

"మా అమ్మకు పాణం బాగలేకుంటె రెండు రోజులకే గుంజుకచ్చినవ్. దూది మింగుతవన్నవ్."

"అన్న."

"గా దూదిలనే మా అమ్మ ఎనభై ఏండ్లు బతికింది."

క్షమించమని అడగాలనుకున్నాను. కాయలున్న గిన్నె తీసుకుని ఆమె లోపలికి వెళ్లిపోయింది. తెల్లారి సంచి సర్దుకుని, "మా తమ్మునింటికి పోతున్న" అంది. ఎన్ని రోజులని నేను అడగలేదు. బస్టాండు దాకా సంచి మోస్తానంటే ఇవ్వలేదు.

నేను కోరుట్లకు వెళ్లాను. భాయ్ సుత్తెతో కొడుతుంటే బంగారు అలలు పెచ్చులుగా రాలాయి. వెనక సిమెంటు పచ్చిగా, నల్లగా ఉంది. ఇంకొంచెం తొలిస్తే పైపు అతుకు దగ్గర సన్నగా కారుతూ కనబడింది. మార్చడానికి మధ్యాహ్నం దాకా కూడా పట్టలేదు. అంత చిన్న పని అది.

"లప్పం ఎప్పుడు పెట్టాలె సార్?"

"ఎండినంక."

"మస్తు దినాలు వడ్తది."

"పడనీ."

బ్రోకర్ ఫోన్ చేయడం మానేశాడు. ఇటుకలు బయటపడ్డ గోడ ఉన్న ఇంటిని ఎవరికి చూపిస్తాడు.

మూడు వారాల తర్వాత సిరిసిల్లకు ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది. వెనక సాంచాలు టకటకమంటూ నడుస్తున్నాయి. ఏం అడగాలో తెలియక, "దగ్గు అస్తుందా?" అన్నాను.

ఫోను చెవికి ఆనించుకుని విన్నాను. సాంచాల చప్పుడు, దాని మధ్య ఆమె ఊపిరి. చాలాసేపు విన్నాను. దగ్గు లేదు.

"గోడ ఎండిందా?" అంది చివరికి.

"ఇంకా లేదు."

ఫోన్ పెట్టేసింది.

వారానికోసారి కోరుట్ల వెళ్లి కిటికీలన్నీ తెరుస్తున్నాను. ఆ ఇటుకల మీద అరచెయ్యి పెట్టి చూస్తాను. ఇంకా చల్లగానే ఉన్నాయి.