ఆరోగ్యవంతుడి నీలం రంగు

ఎనభైల్లో ఒక ఉదయం, కంచరపాలెంలో మా అత్తవారి పెరట్లో, కిరసనాయిలు స్టవ్ మీద నా పరువు కుతకుతా ఉడికిపోయింది. నన్నెవరూ తోయలేదు. నేనే నడిచి వెళ్లి నేనే దూకాను. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

మా మావగారు పోర్టులో క్రేన్ నడిపేవారు. ఆ సీటంటే ఆయనకు సింహాసనమే. అలాంటి మనిషికి షుగర్ వచ్చింది. కొత్త సంవత్సరం రాగానే డాక్టరు పరీక్ష ఉంది. అందులో షుగర్ ఎక్కువని తేలితే క్రేన్ మీంచి దింపేసి గోడౌన్లో కూర్చోబెడతారు. ఆ భయంతో మా అత్తగారు క్రిస్మస్‌కి చేసిన అరిసెల డబ్బాను బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగుకు ముడేసుకున్నారు. పండగపూట మావగారు ఆ కొంగు వంక చూసే చూపుకి ఎవరికైనా జాలేస్తుంది.

నాకూ వేసింది. అప్పట్లో నేను స్టీల్ ప్లాంటులో కొత్త ఉద్యోగిని, ఆ ఇంటికి కొత్త అల్లుణ్ణి. ఈ రెండూ ఒకేసారి తగిలిన మనిషికి తెలియని విషయం లోకంలో ఉండదు. ఏదో వారపత్రికలో చదివాను: ఖాళీ కడుపున ఉత్త తీపి తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకుతుందట. ముందు కూర, పప్పు, గుడ్డు లాంటివి తిని ఆ వెనక కాస్త తీపి తింటే మెల్లగా ఎక్కుతుందట. ఇందులో ‘కాస్త’ అన్న మాట నా బుర్రలో నిలవలేదు. సెనగలు తోడుంటే అరిసె లెక్కలోకి రాదన్నది మాత్రం గట్టిగా నాటుకుంది.

భోజనాల దగ్గర దీని మీద ఉపన్యాసమిచ్చాను. మావగారి ముఖం వెలిగిపోయింది. అత్తగారు మాత్రం కరగలేదు.

"తేడా వొస్తే క్రేన్ దిగిపోవలసింది ఆయన, మీరు కాదు బాబూ," అన్నారు.

పూచీ నాదన్నాను. తాళం తెరుచుకుంది.

మావగారు క్రమశిక్షణ గల మనిషి. చేపల కూర, చిక్కుడుకాయ వేపుడు తిని, గుప్పెడు ఉడికిన సెనగలు నమిలి, చివర్న అర అరిసెను చర్చిలో రొట్టె తీసుకున్నంత భక్తిగా నోట్లో వేసుకునేవారు. అంతే, మళ్లీ డబ్బా వైపు చూసేవారు కాదు. మరి నేను? నాకు షుగర్ లేదు, పైగా సూత్రం నాదే. అరిసెకి గుప్పెడు సెనగల చొప్పున సెలవులన్నీ ఆ డబ్బా దగ్గరే గడిపాను. అదేమిటో, ఆ రోజుల్లో దాహం తెగ వేసేది. సెనగల మహిమ అనుకున్నాను.

అప్పట్లో ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుండేది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, కొన్ని మూత్రం చుక్కలు వేసి మరిగించడం. నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం ఉన్నట్టు. పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకొస్తే ఇక బెల్లం పేరెత్తకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒకసారి చూద్దామని అత్తగారు స్టవ్ వెలిగించారు.

అప్పుడు నాకు ఇంకో తెలివి పుట్టింది. పక్కన అసలైన ఆరోగ్యవంతుడి నీలం కూడా ఉంటే, మావగారిది ఎంత మారిందో తేలిగ్గా తెలుస్తుంది కదా అన్నాను. ఆ ఆరోగ్యవంతుడు ఎవరని అడగకముందే సీసా పట్టుకుని లేచాను.

రెండు గొట్టాలూ మరిగాయి. మావగారిది లేత ఆకుపచ్చ దగ్గర ఆగింది. నాది మధ్యలో స్టాపులు లేని ఎక్స్‌ప్రెస్ బస్సులా వెళ్లి ఇటుక రంగు దగ్గర దిగింది.

సీసాలు మారిపోయాయన్నాను. అత్తగారు మళ్లీ చేశారు. మళ్లీ ఇటుకే. మందు పాడైందన్నాను. మా ఆవిడ ఎస్తేరు తనది తెచ్చి పెట్టింది. అది చక్కగా నీలంగా నిలిచింది.

మావగారు నా గొట్టాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"నా సుగరు ఏటైపోనాదా అనుకున్నాను అల్లుడూ. నువ్వట్టుకుపోనావన్నమాట."

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. అది గమనించింది కూడా ఆయనే. తన పరీక్ష రోజున నన్నూ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన క్రేన్ ఆయనకు దక్కింది. నా షుగర్ నాకు దక్కింది.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ అత్తగారు ఒక్క అరిసె తీసి, రెండు ముక్కలు చేసి, మామా అల్లుళ్లకు చెరొకటి పెట్టేవారు. ముందు కూర, సెనగలు ఖాళీ చేస్తేనే. పక్కపక్కన కూర్చుని తిన్న ఆ సగం అరిసెలంత రుచి నాకు డబ్బాడు అరిసెల్లోనూ దొరకలేదు.

ఆ స్టవ్ సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇప్పటికీ తప్పలేదు: ఈ జన్మలో ఎవరు బతిమాలినా సరే, ఆరోగ్యానికి నమూనాగా నా సీసా ఇవ్వను.