పేరు పోయి నంబరు మిగిలిన ఖాతా

2003లో ఠాణేలోని ఒక కంప్యూటర్ డీలరు దగ్గర నేను సర్వీసు ఇంజనీరును. భివండి నాకు అప్పగించారు. నా ప్రతిభ చూసి కాదు. అక్కడి సాంచాల, అంటే మరమగ్గాల, యజమానుల్లో తెలుగువాళ్లు ఎక్కువ, వాళ్ల బేరానికి నాలా కిరాణా కొట్టులో పెరిగినవాడే తట్టుకుంటాడని మా మేనేజరు నమ్మకం.

అమ్మవలసింది లినక్స్, కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రాము. రాసినవాళ్లే దాని లోపలి రాతంతా బయట పెట్టి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, పక్కవాళ్లకూ ఇవ్వండి అన్నారు. ధర లేదు. ధర లేని సరుకును ఎలా అమ్మాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. సగానికి తగ్గించమని అడిగే వీలు లేక సేట్లూ ఇబ్బంది పడేవారు. ఫుకట్ మాల్ అంటే ఎక్కడో లోపముంటుందని వారి అనుమానం. మేము తీసుకునేది బిగించి నేర్పినందుకే. అందులోనూ కోసేవారు.

శాంతి నగర్‌లో లింగయ్య సేటు కార్ఖానాలో ఒక కంప్యూటర్ బిగించాను. ఆయన తమ్ముడు రవీందర్ దాన్ని చక్కగా పట్టుకున్నాడు. ఉత్తరాలకూ బిల్లులకూ ఆఫీసు ప్రోగ్రాములు, టవళ్ల అంచులు గీయడానికి బొమ్మల ప్రోగ్రాము, అన్నీ ఆ ఉచిత సీడీలోవే. ఆ అంచులతోనే కార్ఖానాకు పేరొచ్చింది. మరుసటి ఏడు అంజూర్ ఫాటా దగ్గర లారీ గుద్ది రవీందర్ చనిపోయాడు.

కొన్ని వారాలకు సేటు పిలిపించాడు. తమ్ముడి భార్య సుజాతను సిరిసిల్లలో తల్లిగారింటికి పంపి, డిజైన్ల కుర్చీలో తన అల్లుణ్ని కూర్చోబెట్టాలని ఆయన నిర్ణయం. ఆమె వెళ్లనంటోంది. భర్త పక్కన కూర్చుని గీయడం నేర్చుకుంది, ఆ పని తనకే ఇమ్మంటోంది.

నన్ను పిలిచిన కారణం వేరు. సేటు గొంతు తగ్గించి చెప్పాడు: "చాయ్ వేళైతే తమ్ముడు పిలుస్తుండు సారూ. నేనీ అర్రల కూసుంటలేను."

ఆ వేళకు నేనూ చూశాను. తెర మీద రవీందర్ పేరు, కింద ఇంగ్లీషు అక్షరాల్లో 'అన్నా, చాయ్'. చెప్పిన వేళకు చెప్పిన పని చేసే ప్రోగ్రాముకు అతను బతికుండగా అప్పగించిన పని అది. ఆపమనే దాకా ఆపదు. అలా వెనక నుండి పనిచేసేదాన్ని మా వృత్తిలో డీమన్ అంటారు, వింటే దెయ్యమనిపించే మాట. ఆ మాట నేను ఆ గదిలో అనలేదు.

సేటు కోరినట్లు ఆ పిలుపును ఆపి, కంప్యూటర్లో రవీందర్ పేరిట ఉన్న ఖాతా తీసేసి, డిజైన్లు మాత్రం ఉంచాను. లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక ఓనరు ఉంటాడు. జాబితా తెరిస్తే ఓనరు వరుసలో రవీందర్ పేరుండాల్సిన ప్రతిచోటా 501 అని ఉంది. యంత్రం గుర్తుపెట్టుకునేది ఖాతాకు తానిచ్చిన నంబరునే. పేరు మన సౌకర్యానికి.

అంతలో కరెంటు పోయింది. గల్లీలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. భివండిలో ఆ నిశ్శబ్దం విన్నవారికే తెలుస్తుంది, చెవిలో ఏదో తెగినట్లుంటుంది. బ్యాటరీ మీద తెర ఒక్కటే వెలుగుతోంది.

సిరిసిల్లకు పంపేదాకా బిల్లులు కొట్టడానికి సుజాతకు ఖాతా తెరవమన్నాడు సేటు. తెరిచాను. డిజైన్లు సరిగా ఉన్నాయో లేదోనని మళ్లీ జాబితా చూశాను. 501 ఒక్కటీ లేదు. పై నుంచి కింది దాకా, సగం గీసిన ఆఖరి అంచు వరకు, ఓనరు సుజాత. పక్కనున్న తేదీలు మాత్రం రవీందర్ బతికున్నప్పటివి.

సేటు వంగి చదివాడు.

"ఇది నువ్వు చేసినవా?"

చేయలేదన్నాను. రవీందర్ ఖాతా అందులో అన్నిటికన్నా చివర తెరిచినది. తీసేస్తే ఆ నంబరు ఖాళీ అయింది. తరువాత వచ్చినవారికి యంత్రం అదే ఇచ్చింది. నంబరుతో పాటు ఫైళ్లూ వచ్చాయి. ఇందులో వింతేమీ లేదని విడమరిచి చెప్పాను.

"అంటే వాని జాగ ఆమెకచ్చింది, వాని సొమ్ముతోటి."

"నంబరు మాత్రమే సేట్."

"నేనూ గదే అంటున్న గద."

నా వివరణ ఎంత కచ్చితంగా ఉంటే ఆయన ముఖం అంత పాలిపోయింది. ఒక్క ఆదేశంతో ఓనర్ని మార్చవచ్చు, మీ అల్లుడి పేరే పెడతానన్నాను. సేటు నా చెయ్యి కీబోర్డు మీంచి తీసేశాడు.

గుమ్మంలో నిలబడ్డ సుజాత అప్పుడు మాట్లాడింది. "మార్పియ్యిరి బావా. మీ అల్లుడు లుంగీ అంచే సక్కగ ఏరుకోడు, మీ తమ్ముడు గీసిన సగం అంచును ఎట్ల పూర్తి జేస్తడో సూద్దాం."

సేటు ఆమె వైపు తిరగలేదు. తెరను చూస్తూనే అన్నాడు: "ఉండనియ్యి. ఆ అంచు నువ్వే పూర్తి జెయ్యి."

అల్లుడికి బిల్లుల పని ఇచ్చారు. సుజాత అక్కడే ఉండిపోయింది. ఆ తరువాత సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ ఆ కుర్చీలో ఆమెనే చూశాను. సేటు ఆ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడు.

ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక నియమం పాటించాను. ఖాతా తీసే ముందు దాని నంబరు రాసుకోవడం, కొత్తవారికి ఎన్నడూ ఎవరూ వాడని నంబరు ఇవ్వడం. కింద పనిచేసేవాళ్లు కారణమడిగితే భద్రత కోసమని చెప్పాను. అది అబద్ధం కాదు.