వాచీలో మూడే పేర్లు

ఇప్పుడే ఎడమ మణికట్టు మీద వాచీ జుమ్మని రెండుసార్లు వణికింది. పాల క్యాను కడుగుతున్న చేయి అలాగే ఆగిపోయింది. అద్దం నిండా గీతలు, పట్టీకి ఎంత కడిగినా వదలని పాలవాసన, పూటకోసారి చార్జింగు. మా ఆయనకు ఈ వాచీ అంటే ఎగతాళి. "ఈ ముసలిదానికి సేవలు చేసే ఖర్మ నీకేంది, కొత్తది కొనుక్కోరాదా?" అంటాడు. కొనుక్కోగలను. కానీ ఇది రెడ్డెప్ప సార్ వాచీ.

పలమనేరు దగ్గర పాలు చల్లబరిచే కేంద్రంలో పనికి చేరినప్పుడు నేను తిరుపతిలో డిప్లొమా చదివి వచ్చిన ఏర్పేడు పిల్లను. పలమనేరు చలికి పొద్దున్నే పళ్ళు టకటకలాడేవి గానీ, పొగరుకు మాత్రం లోటు లేదు. రెడ్డెప్ప సార్ ఆ కేంద్రానికి పెద్ద. మిషన్ల రొదలో ఫోను మోగినా వినపడదు, తడి చేతులతో పట్టుకోనూ లేం, అందుకని అది ఎప్పుడూ సొరుగులోనే. పక్క ఊళ్ళో మాది ఇంకో ట్యాంకు ఉండేది. అక్కడ పాలు వేడెక్కితే ఫోనుకు సందేశం వచ్చేది, ఫోను నుంచి సార్ వాచీకి. కూతురు కొనిచ్చిన ఆ వాచీ అప్పటికే పాతబడింది. "పాపా, సదువుకున్నదానివి, దీన్ని రవ్వంత సూడు. మధ్యాన్నానికే కండ్లు మూసేస్తా ఉండాది" అన్నాడాయన.

ఇదీ ఒక పనేనా అనుకుని, బ్యాటరీ పొదుపు అని ఉన్నదాన్ని నొక్కి ఇచ్చేశాను. వాచీ రెండు రోజులు నడిచింది! పాలు పోయడానికి వచ్చినవాళ్ళందరికీ చెయ్యి ఎత్తి చూపించాడు. "మా పాప సూడప్పా, ముసలిదానికి పానం పోసింది!" నేను పూరీలా ఉబ్బిపోయాను. ఆ పొదుపులో ఉన్నంతసేపూ ఫోను నుంచి వాచీకి ఏ సందేశమూ రాదని తెర మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చదివితే కదా!

మూడో రోజు మధ్యాహ్నం పక్క ఊరి ట్యాంకు మోటారు ఆగిపోయింది. సందేశం వచ్చింది, సొరుగులో ఫోనుకు. వాచీ పలకలేదు. సాయంత్రం మేం వెళ్ళి కాసిని పాలు గాజుగొట్టంలో కాచి చూస్తే విరిగిపోయాయి. ఊరందరి పాలు, ట్యాంకు మొత్తం, వెనక గుంతలో పారబోశాం. రెండావుల పాలతోనే బతికే మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఒక్కరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు చిత్తూరు నుంచి అధికారి వచ్చాడు. "వాచీలో సెట్టింగులు మార్చింది ఎవరు?" అన్నాడు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. నోరు తెరిచేలోపే రెడ్డెప్ప సార్ అందుకున్నాడు. "వాచీ నా సేతికుండాది సార్. అది పలకతాందో లేదో సూసుకోవాల్సింది నేను. ఆ పాపకేం సమ్మందం?" ఇంకొన్నాళ్ళలో రిటైరయ్యే మనిషి, అన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి మెమో తీసుకున్నాడు. నేను క్యాన్లు కడిగే షెడ్డు వెనక్కి పోయి బావురుమన్నాను. ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. "మొగం కడుక్కోని రా పాపా. టీ తాగతా ఈ వాచీలో ఒక్కొక్కటే సూద్దాం. ఈసారి సదివి నొక్కుదాం."

స్టూళ్ళ మీద ఎదురెదురుగా కూర్చున్నాం. నేను చదివేదాన్ని, ఆయన తీర్పు చెప్పేవాడు. ఎప్పుడూ వెలిగే తెర వద్దన్నాడు. "నా గుండె కొట్టుకునేది నాకు తెలీదా, అదెందుకు లెక్కబెట్టేది?" అని అదీ తీసేయించాడు. పొద్దున్నే పూలబొమ్మలు పంపే గ్రూపులన్నీ పోయాయి. పాత బ్యాటరీ అడుగంటేదాకా వాడకూడదు, చార్జింగులో పెట్టి మరిచిపోనూ కూడదు అని చెబితే, "ముసలావును కడాసుక్క దాకా పిండతామా? అంతే గదా!" అని నవ్వాడు. చివరికి తెర మీద బొమ్మ దగ్గర ఆగాం. అది ఆయన మనవరాలి ఫొటో. "ఇది కూడా బ్యాటరీ తింటాదా?" అని అడిగాడు. నల్లటి తెర పెడితే ఇంకాసేపు వస్తుందన్నాను. బొటనవేలితో అద్దం తుడిచి కొంచెంసేపు చూసుకున్నాడు. "తీసెయ్ పాపా. దాన్ని ఇంటికాడ సూసుకుంటా."

"ఇంక ఎవరు పిలిస్తే మోగాలి సార్?" అన్నాను. "మూడే. ట్యాంకుది ఒకటి. మా ఇంటామెది ఒకటి, సుగరు మనిషి. మూడోది నీది." నాకు అర్థం కాలేదు. మూడోది చిత్తూరు అధికారిది అంటాడనుకున్నాను. నేను పక్కనే ఉంటాను కదా అన్నాను. "రేపట్నించి ఆ ఊరి ట్యాంకు నువ్వే సూడాల. కొత్తదానివి, ఒంటిగా ఉంటావు. నీకు బయమేస్తే ముందు నాకు తెలియాల." నేను పాడుచేసిన ట్యాంకునే నా చేతిలో పెట్టాడు మహానుభావుడు.

ఆ వారంలోనే ట్యాంకు మీద పాల వేడి చూపించే ముల్లు కొంచెం పైకి కదిలిందని హడలిపోయి ఫోను చేశాను. మోపెడ్ మీద ఎండలో పడి వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి, "ఏం లేదు పాపా, మూత సరిగ్గా పెట్టలా" అన్నాడు. దీనికా పిలిచావు అన్న మాట ఆయన నోట రాలేదు. అలా ఎన్నిసార్లు పిలిచానో! రిటైరైన రోజు వాచీ విప్పి, "దీని అలవాట్లు నీకే తెలుసు" అని నా చేతికి కట్టాడు.

నా వాచీలోనూ మూడే పేర్లు: ట్యాంకు, మా ఆయన, రెడ్డెప్ప సార్. నిరుడు సార్ పోయాక కూడా ఆ పేరు తీయలేకపోయాను. మోగని నంబరు బ్యాటరీ తినదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పోయిన నెలలో కుప్పం నుంచి నాగవేణి అనే అమ్మాయి కొత్తగా చేరింది. పక్క ఊరి ట్యాంకు ఆమెకు అప్పగించాం. అన్నీ తెలిసినట్టే తలాడించింది గానీ, ముల్లు ముందు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడటం నా కంటపడింది. ఆ సాయంత్రం వాచీ తెరిచాను. నాలుగో పేరు పెట్టినా వాచీకి వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఆయన మూడే అన్నాడు. ఆయన పేరు తీసేసి ఆ చోట నాగవేణి పేరు పెట్టాను. తీసేటప్పుడు ఏడ్చాను, దాచేదేముంది.

ఇందాక వాచీ వణికింది ఆ పేరుతోనే. చేతులు తుడుచుకుని ఫోను చేశాను. "అక్కా, ముల్లు రవ్వంత పైకి పోయిందక్కా. నువ్వు పనిలో ఉంటే వద్దులే..."

"వస్తా ఉండా పాపా. బయపడొద్దు" అన్నాను.

మూత సరిగ్గా పెట్టి ఉండదు. బండి తాళాలు తీసుకుని బయల్దేరాను.