కోడలికి మాత్రమే చూపించే చోటు

మా అత్త మరమరాలు వేయించి అమ్మేది. శ్రీముఖలింగం తీర్థం నుంచి ఆవిడ గంప ఖాళీ కాకుండా తిరిగొచ్చిన ఏడాది లేదు. అదంతా వేయించేటప్పుడు మూకుట్లో పోసే నల్ల ఇసుక మహిమ. తెల్ల ఇసుక తొందరగా చల్లారిపోతుంది, బియ్యం సగం పొంగి ఊరుకుంటాయి. నల్లది బరువు, వేడి పట్టి ఉంచుతుంది. వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, ఒక దిబ్బ వెనకాల అది పొరలుగా దొరికేది. ఆ చోటు కోడలికే గాని కన్నకూతురికి కూడా చూపించరు. కాపురానికొచ్చిన మూడో ఏడు నాకు చూపించి, "ఎవులికీ సెప్పకే" అంది.

అరవైల చివర్లో ఖనిజాల సర్వే అంటూ ఒకాయన మా వసారా గదిలో అద్దెకు దిగాడు. జ్వరమొస్తే నేనే గంజి కాచి ఇచ్చాను. "చెల్లెమ్మా" అనేవాడు. ఒకరోజు పొయ్యి దగ్గరి ఇసుక చిటికెడు తీసి, భూతద్దం కింద పెట్టి చూడమన్నాడు. నల్ల రేణువుల మధ్య తేనె రంగువి మెరుస్తున్నాయి. మోనజైట్ అట. ఎక్కడో గాని దొరకని లోహాలు అందులో ఉంటాయట. కొండరాళ్ళు అరిగి ఏటి వెంట వస్తే, కెరటాలు తేలిక ఇసుకని లాక్కుపోయి బరువుది ఒడ్డున వదిలేస్తాయట. పొయ్యి ముందు కూర్చునే నాకు అంత పెద్ద సంగతి చెప్పిన మనిషి అంతవరకు లేడు. పొంగిపోయాను. "ఎక్కడిదమ్మా ఇది? ఒక్కసారి చూస్తాను. ఎవరికీ చెప్పను, ఒట్టు" అన్నాడు. బుద్ధి గడ్డి తిని, తీసుకెళ్ళి చూపించాను.

రెండు నెలలకి దిబ్బ చుట్టూ రాళ్ళు పాతి తీగ కట్టేశారు. గంపతో వెళ్ళిన మా అత్తని కాపలావాడు ఆపేశాడు. వెనకే నేను. ఆయన జీపు పక్కన నిలబడి ఉన్నాడు. మన గంజి తాగినవాడే కదా అని మా అత్త దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, నువ్వైనా సెప్పు. గంపెడు ఇసకే గదా."

ఆయన మా అత్తని దాటి నా వైపు చూశాడు. పక్కనున్న పెద్దాఫీసరుకి నన్ను చూపించి, "ఈ చెల్లెమ్మే సార్, మనకి చోటు చూపించింది" అన్నాడు, నవ్వుతూ. మెచ్చుకోలు! చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. అతన్నా, నన్నా అంటే చెప్పలేను.

మా అత్త తిట్టలేదు. నెల తిరిగేసరికి గంపలో మళ్ళీ నల్ల ఇసుకే. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీసే వేళ ఒక్కతీ వెళ్ళి తెచ్చుకునేది. ఎక్కణ్ణుంచో చెప్పలేదు, నేను అడగలేదు. ఏళ్ళు గడిచాయి. ఆవిడ మంచాన పడ్డాక ఇక ఆ పని నాదే కాబట్టి, సిగ్గు విడిచి అడిగాను.

ఆవిడ నా చెయ్యి నిమిరింది. గొంతులో కోపం కూడా లేదు.

"నీకు సెప్తే మల్లీ జీపొస్తాదే" అంది.